ముందు కలం, తరువాతే చాట్‌బాట్: ఆరు సెమిస్టర్ల వాడకం తరువాత నా సమీక్ష

ఏఐ చాట్‌బాట్లు నా క్లాసులోకి నేను పిలిస్తే రాలేదు. 2022 నవంబర్ 30న చాట్‌జీపీటీ విడుదలైంది. ఆ తరువాతి సెమిస్టర్‌లో అసైన్‌మెంట్లు దిద్దుతుంటే 60 పేపర్లూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నట్టు అనిపించింది. అంతకుముందు పేరు చూడకుండానే ఏ కాగితం ఎవరిదో చెప్పగలిగేదాన్ని.

డిగ్రీ విద్యార్థులకు స్టాటిస్టిక్స్ చెబుతాను. ఆరు సెమిస్టర్లుగా మూడు చాట్‌బాట్లను మార్చి మార్చి వాడాను. పాఠం సిద్ధం చేసుకోవడానికి, లెక్కలు తయారుచేయడానికి, కొంతకాలం పేపర్లు దిద్దడానికి కూడా. వాటిలో ఏది మేలో ఇక్కడ చెప్పబోవడం లేదు. కొన్ని నెలలకోసారి కొత్త వెర్షన్ వస్తుంది, ఆ పోలిక మీరు చదివేసరికే పాతబడుతుంది. వాడే పద్ధతి గురించి మాత్రం చెప్పాల్సింది చాలా ఉంది.

ముందు నాకు బాగా పనికొచ్చిన చోటు. షరతు సంభావ్యత (ఒకటి జరిగిందని తెలిశాక ఇంకొకటి జరిగే అవకాశం) పాఠానికి ఒకే లెక్క పది రూపాల్లో కావాలి. నూటికి ఒకరికి జబ్బు ఉంది. జబ్బున్నవాళ్లలో 95 శాతం మందిని పరీక్ష పట్టుకుంటుంది, లేనివాళ్లలో 5 శాతం మందికి కూడా పాజిటివ్ చూపిస్తుంది. పాజిటివ్ వచ్చిన మనిషికి నిజంగా జబ్బు ఉండే అవకాశం ఎంత? క్లాసులో దాదాపు అందరూ 95 అంటారు. జవాబు సుమారు 16 శాతం. బోర్డు మీద ఆ అంకె తేలినప్పుడు పిల్లల ముఖాలు చూడటం నా ఉద్యోగంలో నాకు బాగా ఇష్టమైన సమయం. ఇదే లెక్కను స్పామ్ మెయిళ్ల మీద, ఫ్యాక్టరీలో లోపమున్న బల్బుల మీద, దొంగను పట్టే అలారం మీద రాసిమ్మంటే చాట్‌బాట్ రెండు నిమిషాల్లో ఇస్తుంది. ఇదివరకు దానికి నా ఆదివారం సగం పోయేది.

అది ఇచ్చే జవాబుల కీని మాత్రం నమ్మకూడదు. పెట్టెలో 5 ఎర్ర బంతులు, 3 నీలం బంతులు ఉన్నాయి, తీసింది తిరిగి పెట్టకుండా రెండు తీస్తే రెండూ ఎర్రవయ్యే సంభావ్యత ఎంత అనే లెక్కను తెలుగులోకి మార్చమన్నాను. ‘తిరిగి పెట్టకుండా’ అన్న మాట మాయమైంది. కీలో 25/64 అని ఉంది, మెట్లన్నీ అందంగా ఉన్నాయి. రావాల్సింది 5/14. నేను చూడకుండా ప్రింటు తీసి ఉంటే, సరిగ్గా చేసిన పిల్లలకే మార్కులు పోయేవి. అప్పటినుంచి ప్రతి లెక్కా నేను కాగితం మీద చేశాకే క్లాసుకు వెళ్తుంది. అందువల్ల ఆదా అయిన సమయంలో సగం మళ్లీ ఖర్చవుతుంది. మిగిలిన సగం కూడా నాకు ఎక్కువే.

తెలుగు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలకు ఈ సాధనం వల్ల దొరికింది చిన్నది కాదు. క్లాసులో లేచి అడగడానికి జంకేవాళ్లు అదే సందేహాన్ని పదోసారి, తమ భాషలో, ఎవరూ విసుక్కోకుండా అడుగుతున్నారు. మొదట్లో జవాబులు నత్తనడక నడిచేవి. ఈ మోడళ్లు వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా విడగొట్టి చదువుతాయి, తెలుగు అక్షరాలు మరీ చిన్న ముక్కలైపోయేవి. 2024 మేలో జీపీటీ-4ఓ అనే కొత్త మోడల్‌తో పాటు, చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ చూపించిన ఉదాహరణలో, అంతకుముందు 159 టోకెన్లు పట్టిన తెలుగు వాక్యాలకు కొత్త పద్ధతిలో 45 సరిపోయాయి. ఆ తేడా వాడుకలోనూ తెలిసింది. పరిభాషలో మాత్రం ఇంకా తడబాటు ఉంది. ‘ప్రతిగమనం’ (రిగ్రెషన్) ఉండాల్సిన చోట ‘తిరోగమనం’ వస్తుంది. ‘సార్థకత’ (సిగ్నిఫికెన్స్, అంటే ఫలితం కేవలం యాదృచ్ఛికం కాదనిపించడం) రావాల్సిన చోట ‘ప్రాముఖ్యం’ అని రాస్తుంది. ఈ రెండోది మరీ ప్రమాదం. గణాంకపరంగా సార్థకమైన ఫలితం నిజజీవితంలో ఏమంత ముఖ్యమైనది కాకపోవచ్చు అని నేను రెండు వారాలు చెప్పిన పాఠాన్ని ఆ ఒక్క మాట చెరిపేస్తుంది. అందుకే సెమిస్టర్ మొదట్లోనే ఒక పేజీ పదకోశం ఇస్తున్నాను. చాట్‌బాట్‌ను ఏదైనా అడిగేముందు ఆ పేజీని దానికి అతికించమని చెబుతాను.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. మొదటి సెమిస్టర్‌లో ఆ ఒకే గొంతు పేపర్లు చూసి, ఏఐ రాతను పట్టిస్తుందని చెప్పే ఒక డిటెక్టర్‌లో అన్నింటినీ వేశాను. కొన్ని పేపర్లకు ఎర్ర గుర్తు వచ్చింది. వాటిలో ఒకటి క్లాసులో అందరికంటే తక్కువ మాట్లాడే అమ్మాయిది. పిలిచి అడిగాను. “నేనే రాశాను మేడమ్” అంది. నేను నమ్మలేదు, సున్నా వేశాను. మర్నాడు రఫ్ నోట్‌బుక్ తెచ్చి టేబుల్ మీద పెట్టింది. ప్రతి పేరా మూడేసి సార్లు కొట్టేసి రాసింది. నిఘంటువులో వెతికిన మాటలు అంచుల్లో ఉన్నాయి. ఆ ఇంగ్లిష్ సాదాగా ఉండటానికి కారణం, అది ఆమె కష్టపడి నేర్చుకున్న ఇంగ్లిష్ కావడమే.

తరువాత కూర్చుని చదివాను. ఓపెన్‌ఏఐ సొంత డిటెక్టర్ 2023 జనవరిలో వచ్చింది. వాళ్ల లెక్క ప్రకారమే అది ఏఐ రాతలో 26 శాతాన్నే పట్టుకునేది, మనుషులు రాసినదాంట్లో 9 శాతాన్ని ఏఐ అనేది. కచ్చితత్వం చాలక అదే ఏడాది జులైలో వెనక్కి తీసుకున్నారు. అదే సంవత్సరం స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు రాసిన 91 టోఫెల్ (ఇంగ్లిష్ భాషా పరీక్ష) వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇచ్చి చూస్తే, సగటున 61 శాతం వ్యాసాలకు ఏఐ ముద్ర పడింది. తరువాత రాబోయే మాటను ఎంత తేలిగ్గా ఊహించవచ్చో ఇలాంటి చాలా డిటెక్టర్లు చూస్తాయి. తెలిసిన కొద్ది మాటలతో జాగ్రత్తగా రాసేవాళ్లు అక్కడే దొరికిపోతారు.

నన్ను బాగా బాధపెట్టింది ఇంకొకటి. ఇది నేను ఏటా బోర్డు మీద చేసే జబ్బు పరీక్ష లెక్కే. 60 మంది క్లాసులో పదిమంది చాట్‌బాట్‌తో రాశారనుకుందాం. 26 శాతం చొప్పున పట్టుబడేది ఇద్దరో ముగ్గురో. సొంతంగా రాసిన 50 మందిలో 9 శాతం చొప్పున నలుగురైదుగురికి ముద్ర పడుతుంది. అంటే ఎర్ర గుర్తు వచ్చినవాళ్లలో తప్పు చేయనివాళ్లే ఎక్కువ. ఈ లెక్క వేయడం నాకు తెలుసు, అయినా ఒక పిల్ల మీద సున్నా వేసేముందు వేయలేదు. క్లాసు మొత్తం ముందు ఆమెకు క్షమాపణ చెప్పాను, మార్కులు సరిచేశాను. ఆ తరువాత ఏ డిటెక్టర్‌నూ ముట్టుకోలేదు. ఇప్పుడు జబ్బు లెక్క అయ్యాక రెండో లెక్కగా డిటెక్టర్ లెక్కనే ఇస్తున్నాను.

పట్టుకోవడం మానేశాక చదువు సంగతి మిగిలింది. అసైన్‌మెంట్లలో 18, 19 మార్కులు తెచ్చుకున్నవాళ్లు పరీక్షలో అదే లెక్క ముందు నీళ్లు నమిలారు. టర్కీలో సుమారు వెయ్యిమంది హైస్కూల్ విద్యార్థులతో జరిగిన ఒక ప్రయోగం గురించి చదివినప్పుడు నా క్లాసునే చూసినట్టు ఉంది. మామూలు చాట్‌బాట్ ఇచ్చిన పిల్లలు సాధనలో 48 శాతం మెరుగ్గా చేశారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్లకంటే 17 శాతం వెనుకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా మార్చిన చాట్‌బాట్ వాడినవాళ్లకు సాధనలో 127 శాతం మేలు కలిగింది, పరీక్షలో ఆ నష్టం చాలావరకు లేకుండా పోయింది.

దాంతో ఒకటే నియమం పెట్టుకున్నాను. ముందు అరగంట కలం, కాగితం. ఎక్కడ ఆగిపోయారో ఆ గీతతో సహా ఫోటో తీయాలి. తరువాత చాట్‌బాట్‌ను ఎంతైనా అడగవచ్చు, కానీ అసైన్‌మెంట్ చివర నాలుగు వాక్యాలు రాయాలి: ఏది వాడారు, ఏమి అడిగారు, అది చెప్పినదాంట్లో ఏది ఒప్పుకున్నారు, ఏది ఒప్పుకోలేదు. మార్కులు ఎక్కువగా చివరి వాక్యానికే. ఇది పెట్టిన మొదటి నెల అందరూ ‘అన్నీ సరిగానే ఉన్నాయి’ అని రాశారు. అందుకని చాట్‌బాట్ తప్పు చేసిన జవాబులను నేనే ఏరి ఇచ్చి, తప్పు ఎక్కడో పట్టమన్నాను. బంతుల లెక్క అందులో మొదటిది. పి-విలువ అంటే శూన్య పరికల్పన (తేడా ఏమీ లేదనే ఊహ) నిజమయ్యే సంభావ్యత అని ధీమాగా చెప్పిన జవాబు రెండోది. నిజానికి ఆ ఊహ నిజమైతే ఇలాంటి, లేదా ఇంతకంటే తీవ్రమైన ఫలితం వచ్చే సంభావ్యత అది. దాన్ని పట్టుకున్న కుర్రాడు పి-విలువను ఇక జీవితంలో మరిచిపోడనుకుంటాను.

జవాబు చెప్పకు, నన్నే ప్రశ్నలు అడుగు అని చాట్‌బాట్‌కు చెప్పి చదువుకోవడం మంచి పద్ధతి. 2025 జులైలో చాట్‌జీపీటీలో ఇందుకోసమే స్టడీ మోడ్ వచ్చింది. నాలుగైదు ప్రశ్నల దాకా బాగా సాగుతుంది. ఓపిక నశించి మామూలు మోడ్‌కు మారి జవాబు అడిగితే వెంటనే వచ్చేస్తుంది. అడగకుండా ఉండటం విద్యార్థి చేతిలోనే ఉంది, అది అందరి వల్లా కాదు.

ప్రాజెక్టు రిపోర్టుల్లో, అసలు లోకంలోనే లేని పరిశోధనా పత్రాలకు రిఫరెన్సులు రావడం ఇప్పుడు అందరికీ తెలిసిన సంగతే. 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను కోర్టుకు సమర్పించిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడిందని చెప్పి, ప్రతి రిఫరెన్సునూ తెరిచి మొదటి పేజీ చూపించమంటాను. ఇంతకుమించి దాని గురించి చెప్పాల్సింది లేదు.

దిద్దడం గురించి చెప్పి తీరాలి. నాలుగో సెమిస్టర్‌లో పని ఎక్కువై, పేర్లు, రోల్ నంబర్లు తీసేసి, జవాబులను చాట్‌బాట్‌కు ఇచ్చి కామెంట్లు రాయించుకున్నాను. మార్కులు నావే, మాటలు దానివి. చక్కటి మాటలు, నేను ఎప్పుడూ రాయనంత ఓపికైన మాటలు. ఒక విద్యార్థి పేపర్ పట్టుకుని వచ్చి, “మేడమ్, ఇది మీరే రాశారా?” అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు. లేదని చెప్పాను. “మేము వాడితే రాయమన్నారు కదా మేడమ్” అన్నాడు. అతను అన్నది నిజం. ఆ రోజునుంచి దిద్దడానికి వాడటం లేదు. నా పాఠాల్లో, లెక్కల్లో వాడినచోట స్లయిడ్ కింద నా నాలుగు వాక్యాలు నేనూ రాస్తున్నాను. కామెంట్లు మళ్లీ పొట్టిగా, నా వంకర చేతిరాతలో వెళ్తున్నాయి. పిల్లలు వాటి గురించి వచ్చి వాదిస్తున్నారు, ఆ చక్కటి కామెంట్ల గురించి ఒక్కరూ వాదించలేదు.

మొత్తం మీద ఇకముందూ వాడతాను. లెక్కల రూపాలు మార్చడానికి, తెలుగులో సందేహాలు తీర్చుకోవడానికి, తప్పులు పట్టే సాధనకు సంతోషంగా వాడతాను. కీ తయారీకి నమ్మను. దిద్దడానికి, ఎవరు రాశారో తేల్చడానికి వాడను. విద్యార్థుల వివరాలు ఏ రూపంలోనూ అందులో వేయను.

నాకు ఇంకా తెగని చిక్కు ఒకటి ఉంది. ఎవరికి ఎంత వచ్చిందో తెలుసుకోవడానికి నాకు కుదిరిన ఒకే దారి, అసైన్‌మెంట్ మీద ఐదు నిమిషాల వైవా. 60 మందికి అది ఐదు గంటలు. సెమిస్టర్‌కు మూడు అసైన్‌మెంట్లంటే పదిహేను గంటలు, టైమ్‌టేబుల్‌లో వాటికి చోటు లేదు. వచ్చే సెమిస్టర్ అసైన్‌మెంట్లను మూడు నుంచి రెండుకు తగ్గించి, మిగిలిన గంటలను వైవాకు ఇస్తున్నాను. మొదట అడగబోయే లెక్క బంతులదే.