కోవ్ రేవులో రెండు ఓడల జాడలు

ఐర్లండ్‌లో కార్క్ నగరానికి దగ్గరలో ఉన్న ఈ చిన్న రేవు పట్టణం పేరును ఇంగ్లీషు అక్షరాలను బట్టి ‘కోబ్’ అని చదవకూడదు, ‘కోవ్’ అనాలి. ఒకప్పుడు దీని పేరు క్వీన్స్‌టౌన్. 1912 ఏప్రిల్ 11న టైటానిక్ చివరిసారిగా ఆగింది ఇక్కడే. 1915 మే 7న, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, బ్రిటిష్ ప్రయాణికుల ఓడ లూసిటానియా మునిగినప్పుడు బతికి బయటపడినవారిలోను, దొరికిన మృతదేహాలలోను ఎక్కువ భాగాన్ని చేర్చింది కూడా ఈ ఒడ్డుకే.

ఇక్కడికి రాకముందు మేము బెల్‌ఫాస్ట్‌లోని టైటానిక్ ప్రదర్శనశాలను చూశాము. ఓడను ఎలా కట్టారో తెలుసుకోవాలంటే దానిని మించినది లేదు, సగం రోజు చాలదు. అయితే ఆ హంగులో చనిపోయిన మనుషులు కాస్త వెనక్కి పోయారని నాకు అనిపించింది.

కోవ్‌లోని ప్రదర్శన చాలా చిన్నది, గంటలో అయిపోతుంది. టైటానిక్‌ను నడిపిన వైట్ స్టార్ లైన్ కంపెనీ పాత టికెట్ కార్యాలయంలోనే దానిని ఏర్పాటు చేశారు. ఇక్కడ ఓడ ఎక్కిన 123 మందిలో ఒకరి పేరున్న చీటీని లోపలికి వెళ్లేటప్పుడే మన చేతికిస్తారు. ఆ మనిషి ఏమయ్యారో చివరి గదిలోని పట్టికలో చూసుకోవాలి. ఆ 123 మందిలో 113 మంది మూడవ తరగతివారు, బతికినవారు 44 మందే. నా చీటీలోని యువతి బతికింది. మా ఆవిడ తన చీటీలోని పేరును వెతికి, ఏమీ మాట్లాడకుండా చీటీని మడిచి సంచిలో పెట్టుకుంది. భవనం వెనుక, నాటి ప్రయాణికులను రేవు బయట లంగరు వేసిన ఓడ దగ్గరకు చేర్చే పడవలు బయలుదేరిన కొయ్య వంతెన అవశేషాలు నీళ్లలో ఇంకా నిలిచి ఉన్నాయి.

టైటానిక్ కథ తెలిసినదే: నీరు చొరబడని అడ్డుగోడల మధ్య ఉన్న పదహారు గదులలో ముందున్న నాలుగు నిండినా తేలగలిగేలా కట్టిన ఓడకు కనీసం ఐదు గదులలోకి నీరు వచ్చింది, దాదాపు 2,200 మంది ఉంటే, ఉన్న 20 లైఫ్‌బోట్లలో 1,178 మందికే చోటు. ఆ పాఠం నేర్చుకున్నందువల్ల లూసిటానియాలో 48 బోట్లు ఉన్నాయి, కాని క్షేమంగా నీటిలోకి దిగినవి ఆరే. జర్మన్ జలాంతర్గామి యూ-20 వేసిన టార్పెడో తగిలి, వెంటనే లోపల మరో పేలుడు జరిగి, ఓడ కుడివైపుకు ఒరిగిపోవడంతో ఎడమవైపు బోట్లు ఓడ పక్కకే ఆనుకున్నాయి, కుడివైపువి ఎక్కేవారికి అందనంత దూరానికి ఊగిపోయాయి. టైటానిక్ మునగడానికి 2 గంటల 40 నిమిషాలు పట్టింది, లూసిటానియాకు 18 నిమిషాలు. దాదాపు 1,200 మంది పోయారు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించడానికి వీలిచ్చే ఊరు కనుకనే కోవ్‌కు నా ఓటు.

రైలు సేవ బాగుంది. కార్క్ నుంచి ఇరవై ఐదు నిమిషాల ప్రయాణం, చివరి భాగమంతా నీటి పక్కనే. స్టేషన్ భవనంలోనే ఉన్న వారసత్వ ప్రదర్శనలో ఇక్కడి వలసల చరిత్ర, లూసిటానియా వివరాలు ఉన్నాయి. బసే మమ్మల్ని ఇబ్బంది పెట్టింది. ఫొటోలు చూసి చర్చి వెనుక గుట్ట మీది ఒక అతిథి గృహంలో దిగాము. పెట్టె ఈడ్చుకుంటూ నిట్టనిలువు వీధి ఎక్కాక, లిఫ్టు లేని ఇరుకు మెట్ల మీద మూడో అంతస్తు. శాకాహారులకు ఉదయం రొట్టె ముక్కలు, ఓట్స్ జావ తప్ప మరేమీ లేదు. కార్క్‌లో దిగి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లడమే సుఖం.

లూసిటానియా మునిగిన చోటుకు దగ్గరి నేల కిన్‌సేల్ ఊరికి దక్షిణాన సముద్రంలోకి చొచ్చుకుపోయిన ఓల్డ్ హెడ్ అనే కొన. అక్కడి పాత సంకేత బురుజులో చిన్న మ్యూజియం, లైఫ్‌బోట్లను నీటిలోకి దించడానికి వాడిన, ఓడ శకలాల నుంచి పైకి తీసిన ఇనుప దూలం ఉన్నాయి. కారు లేనివారికి అది కష్టమైన దారి. వారు ఆ సమయాన్ని కోవ్ ఊరి బయట ఉన్న పాత శ్మశానానికి ఇవ్వడం మేలు. లూసిటానియా మృతులలో 150 మందికి పైగా ఇక్కడ ఉన్నారు, ఎక్కువమంది మూడు సామూహిక సమాధులలో. నడిచి వెళ్లేవారు ఎండ ఎక్కకముందే బయలుదేరాలి, దారి ఎత్తు ఎక్కుతూ పోతుంది.