కర్నూల్లో పిల్లల్ని ఇంగ్లీషు రీడింగ్ ప్యాకేజీలో చేర్చేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

ఆ సెంటర్ ఏదో కర్నూలు వాళ్లకి చెప్పక్కర్లేదు, జూన్ వస్తే ఏ ఆటో వెనక చూసినా వాళ్ల బ్యానరే. ‘90 రోజుల్లో మీ బిడ్డ గలగలా చదువుతాడు’ అట. 14,000 రూపాయలు, మొత్తం ముందే కట్టాలి, కిట్టు డబ్బులు వేరే. మావాడు ఐదో తరగతి, ఇంగ్లీషులో మార్కులు పడిపోతున్నాయని టెన్షన్‌తో కట్టేశాం.

మొదట్లో పాఠం గడగడా చదువుతుంటే మా అత్తగారు దిష్టి కూడా తీశారు. మొన్న మా తమ్ముడు వచ్చాడు, ఆదోని వైపు సర్కారు బడిలో టీచరు. పేజీ మధ్యలో వేలు పెట్టి "ఇక్కడ్నుంచి చదువు నాన్నా" అంటే మావాడు మళ్లీ మొదటి లైనే అందుకున్నాడు. పల్లెల్లో పిల్లలకి చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వేలో ఇస్తారే, అలాంటి రెండో తరగతి స్థాయి కథ ఇంగ్లీషులో ఇస్తే రెండు వాక్యాలు దాటలేదు. తెలుగు కథ మాత్రం ఆగకుండా చదివాడు.

"వీడికి చదవడం వచ్చక్కా, ఇంగ్లీషు అక్షరం ఏ శబ్దం పలుకుతుందో ఎవరూ నేర్పలేదు" అన్నాడు తమ్ముడు. మన అక్షరం రాసినట్టే పలుకుతుంది. ఇంగ్లీషుకి 26 అక్షరాలు, శబ్దాలేమో దాదాపు 44. పి-యు-టి పుట్, బి-యు-టి బట్. అది నేర్పకపోతే పిల్లలు బొమ్మ చూసి ఊహిస్తారు, లేదా బట్టీ కొడతారు. చిన్న తరగతుల్లో ఆ బట్టీకి మార్కులొస్తాయి, పైతరగతుల్లో ఎప్పుడూ చూడని ప్యాసేజీ ఇస్తే అక్కడే మునుగుతారు. పైగా పలికితే చాలదు, ఆ మాటకి అర్థమూ తెలియాలి. పేరుకి ఫోనిక్స్, అంటే ఏ అక్షరం ఏ శబ్దం పలుకుతుందో నేర్పే పద్ధతి అని బోర్డు పెట్టుకున్న ఈ సెంటర్ వాళ్లు చేసింది బట్టీయే.

సెంటర్‌కి వెళ్లి అడిగితే ఆ కౌన్సెలర్ అమ్మాయి, నలుగురు తల్లిదండ్రులు కూర్చుని ఉండగా, "ఇంట్లో మీరు ఇంగ్లీషు మాట్లాడతారా మేడమ్?" అంది. లేదన్నాను. "మరి బాబుకెలా వస్తుంది? మేమేం మంత్రాలు వేస్తామా?" పక్కనెవరో కిసుక్కున నవ్వారు. ఫీజు కట్టించుకునే రోజు ఈ ప్రశ్న ఎందుకు అడగలేదమ్మా అంటే కంప్యూటర్ వైపు తిరిగిపోయింది! నా వయసులో సగం లేదు, ఇప్పటికీ ఒళ్లు మండుతోంది. డబ్బు వెనక్కివ్వమంటే రసీదు తిప్పి చూపించారు, చీమ తలకాయంత అక్షరాల్లో ‘నాన్ రిఫండబుల్’. బిడ్డకి చదవడం రాదని వెళ్తే, రసీదు చదవడం తల్లికీ రాదని తేల్చి పంపారు, అదొక్కటే వాళ్లు నిజంగా నేర్పింది.

చేర్చే ముందు పిల్లలు చూడని పేజీ ఇచ్చి, సెంటర్ వాళ్ల ముందే చదివించండి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు, ఇంగ్లీషు కథలు ఉచితంగానే ఉన్నాయి, ఇప్పుడు తమ్ముడు వాటితోనే ఫోన్లో చదివిస్తున్నాడు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. అక్కడే కట్టినవాళ్లు ఇంకెవరైనా ఉంటే రసీదులు పారేయకండి.