బంగారు గని నీటి పరిశీలన: ప్రయోగశాల నమూనాలా, నిరంతర సెన్సర్లా?

బంగారు గని చుట్టూ ఉన్న నీటి నాణ్యతను రెండు విధాలుగా పరిశీలించవచ్చు: నిర్ణీత వ్యవధిలో నమూనాలు తీసి ప్రయోగశాలకు పంపడం, లేదా నీటిలోనే సెన్సర్లు అమర్చి ఎప్పటికప్పుడు రీడింగులు నమోదు చేయడం.

బంగారు ఖనిజంతో పాటు తరచూ ఉండే విష మూలకం ఆర్సెనిక్ విషయంలో ప్రయోగశాలదే పైచేయి. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన పరిమితి లీటరుకు 10 మైక్రోగ్రాములు. అంత స్వల్ప మోతాదును సాధారణ సెన్సర్లు పట్టుకోలేవు. అయితే ఆ ఖచ్చితత్వం నమూనా తీసే మనిషి శ్రద్ధను బట్టే ఉంటుంది. పరిశీలక బోరులో (భూగర్భజల నమూనాల కోసం తవ్విన బోరు) నిలిచిన పాత నీటిని తోడేసి, పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి), విద్యుత్ వాహకత (కరిగిన లవణాలను సూచించే కొలత) స్థిరపడ్డాకే సీసా నింపాలి. కరిగిన లోహాలను కొలిచే నీటిని 0.45 మైక్రాన్ల ఫిల్టరుతో వడగట్టి నైట్రిక్ ఆమ్లం కలపాలి. ఖనిజం నుంచి బంగారాన్ని వేరుచేయడానికి వాడే విషపదార్థం సైనైడ్‌ను కొలిచే సీసాలో మాత్రం సోడియం హైడ్రాక్సైడ్ వేసి పీహెచ్‌ను 12కు పైన ఉంచాలి. ఇవి తారుమారైతే ఆమ్లం తగిలిన సైనైడ్ వాయువుగా మారిపోయి, ఫలితం ఉన్నదానికన్నా తక్కువగా వస్తుంది.

సెన్సర్ బలం వేగంలో ఉంది. గంధకం ఉన్న సల్ఫైడ్ రాళ్ల నుంచి ఆమ్లజలం ఊరడం మొదలైతే పీహెచ్ తగ్గుదల, వాహకత పెరుగుదల వెంటనే కనబడతాయి. వానకు వాగులో వచ్చిపోయే కాలుష్యం నెలవారీ నమూనాలకు చిక్కకపోవచ్చు. కాకపోతే నాచు పట్టిన సెన్సర్ తప్పుడు అంకెలను కూడా అంతే నిబ్బరంగా పంపుతుంది కనుక, శుభ్రపరచడం, క్యాలిబ్రేషన్ (తెలిసిన ప్రమాణంతో రీడింగును సరిచూడడం) తప్పనిసరి.

నా అంచనాలో, నెమ్మదిగా కదిలే భూగర్భజలానికి మూడు నెలలకోసారి జాగ్రత్తగా తీసిన నమూనా చాలావరకు సరిపోతుంది. నిధులు పరిమితమైతే సెన్సర్లను గనికి దిగువన ఉన్న వాగులోనే ముందుగా అమర్చాలి.