పాత గోతిలోనా, పక్కనా? చిన్న మొక్కా, పెద్ద చెట్టా?

ఇంటి ముందు చెట్టు ఎండిపోతుంటే దాన్ని కొట్టేసి, అదే గోతిలో ఇంకోటి పెట్టేద్దామనిపిస్తుంది. అంతకుముందు అది ఎందుకు పాడైందో తేల్చుకోవాలి. చెట్టు మొదలు దగ్గర మట్టి చేత్తో తోడి చూడండి. కాండం అడుగున వెడల్పై వేర్లుగా విడిపోయే భాగం పైకి కనిపించకుండా లోతుగా పూడిపోయినా, ఒక వేరు కాండాన్ని చుట్టుకుని బిగిసిపోయినా తప్పు నాటడంలో ఉంది, నేలలో కాదు. మొదలు దగ్గర పుట్టగొడుగులు అంచెలంచెలుగా మొలిచి, స్క్రూడ్రైవర్ గుచ్చితే కలప మెత్తగా దిగబడుతోందంటే అది వేరుకుళ్ళు. ఇక్కడే దారులు వేరవుతాయి.

వేరుకుళ్ళు అయితే పాత గొయ్యి వద్దు. చెట్టు పోయినా తెగులు మిగిలిన వేర్లలో ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. దొరికినంత వేరు తీసేసి, కొత్తది వీలైనంత దూరంగా, వేరే జాతిది నాటాలి.

తెగులు లేకపోయినా పాత గోతితో ఇంకో చిక్కుంది. మొద్దును యంత్రంతో పిండి చేయిస్తే సాధారణంగా అడుగు లోతు వరకే పోతుంది. ఆ పొట్టును మట్టిలో కలిపి అక్కడే నాటితే, అది కుళ్ళేటప్పుడు సూక్ష్మజీవులు నేలలోని నత్రజనిని లాగేసుకుంటాయి, మొక్క ఆకులు పసుపు తిరుగుతాయి. అంతకన్నా పెద్ద నష్టం మెల్లగా వస్తుంది. పొట్టు కుళ్ళేకొద్దీ నేల కుంగి, మొక్క కూడా దిగిపోతుంది. సరైన ఎత్తులో నాటినా రెండు మూడేళ్లకు కాండం మట్టిలో పూడుతుంది. అక్కడే పెట్టక తప్పదంటే పొట్టంతా ఎత్తిపోసి, పక్క నేల మట్టితోనే నింపి, నీళ్లు పెట్టి కొన్ని వారాలు కుంగనివ్వాలి. చోటుంటే ఆరేడడుగులు జరగడమే మేలు.

జరిగిన చోట నీరు ఇంకుతుందో లేదో చూడండి. అడుగు లోతు గుంట తీసి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో కొలవండి. అంగుళం కూడా దిగకపోతే అక్కడ వేర్లు ఊపిరాడక చస్తాయి. ఇంకో చోటు చూడండి, లేదా నిలవ నీటిని తట్టుకునే జాతి ఎంచుకోండి.

ఇక సైజు. పెద్ద చెట్టు తెస్తే మొదటి రోజే నిండుగా కనిపిస్తుంది. కానీ నేలలోంచి తవ్వి తీసిన చెట్టుకు వేర్లలో చాలా భాగం అక్కడే తెగిపోతుంది. ఆ కొద్ది వేర్లతో అంత కొమ్మను పోషించలేక ఏళ్ల పాటు ఎదుగుదల మందగిస్తుంది. చిన్న మొక్క త్వరగా వేళ్లూనుకుని, చాలాసార్లు దాన్ని దాటిపోతుంది కూడా. తొక్కేసేవాళ్లు, వాహనాలు తిరిగే చోట తప్ప మా ఓటు చిన్నదానికే. అక్కడైనా చుట్టూ కంచె కడితే చాలు.

సంచిలో పెరిగిన మొక్కను కొనేముందు పైకెత్తి చూడండి. వేర్లు గుండ్రంగా చుట్టుకుని ఉంటే, నాటేటప్పుడు మట్టిముద్ద పక్కల్లో మూడు నాలుగు చోట్ల పైనుంచి కిందికి కత్తితో గాట్లు పెట్టాలి. అలా వదిలేస్తే అవే పెద్దయ్యాక కాండాన్ని పిసికేస్తాయి. గొయ్యి మట్టిముద్దకు రెండు మూడింతలు వెడల్పు, లోతు మాత్రం ముద్ద ఎత్తుకు మించకూడదు. అడుగున మెత్తటి మట్టి పోస్తే మొక్క కుంగుతుంది. గోతి నిండా ఎరువు కుక్కితే వేర్లు అందులోనే తిరుగుతాయి, బయటి నేలలోకి పోవు. ఎరువు పైపైన చాలు. ఎండుటాకులు రెండు మూడంగుళాల మందాన పరచండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. గాలికి పడిపోయేలా ఉంటేనే ఊతకర్ర కట్టి, ఏడాదిలో తీసేయండి. నీళ్లు రోజూ చెంబుడు కాకుండా, పైమట్టి రెండంగుళాలు ఆరినప్పుడల్లా, అంగుళం మందం కాండానికి పది లీటర్ల లెక్కన నెమ్మదిగా పోయండి.