జకార్తాలో ఐదేళ్లుగా చూస్తున్న ఫోన్ తెర

2020 మొదట్లో ఉద్యోగం మీద జకార్తా వచ్చాను. ఆ జూన్‌లోనే ఇండియాలో టిక్‌టాక్‌ను నిషేధించారు. ఇక్కడ నడుస్తూనే ఉంది. భాష వంటబడుతుందని రోజూ అరగంట చూడటం మొదలుపెట్టాను, ఆ అలవాటు ఇప్పటికీ ఉంది. క్లాసులో 'నేను' అంటే 'సాయా' అని నేర్పారు. స్నేహితుల మధ్య 'గువే' అంటారని నాకు చెప్పింది ఈ వీడియోలే.

నాకు బాగా నచ్చింది, ఊళ్ల యాస తెర మీదికి రావడం. టీవీ సీరియళ్లలో, వీళ్ల మాటలో 'సినెట్రోన్'లలో, ఎక్కువగా జకార్తా ఇళ్లే కనిపిస్తాయి. యూట్యూబ్‌లో అలా కాదు. జావా భాషలో విరహ గీతాలు పాడిన డిడి కెంపోట్‌ను 2019లో కాలేజీ పిల్లలు నెత్తిన పెట్టుకున్నారు. 2020 మేలో ఆయన పోయినప్పుడు మా ఆఫీసులో కుర్రాళ్లు నిజంగా ఏడ్చారు.

2025లో రియావు రాష్ట్రంలోని కువాంతాన్ నది వంతు వచ్చింది. అక్కడి 'పాచు జాలుర్' పడవ పందెంలో 40 మందికి పైగా తెడ్లు వేస్తుంటే, పడవ ముందు కొసన నిలబడి ఓ పిల్లాడు తొణక్కుండా చేతులాడించాడు. ఆ కొన్ని సెకన్ల నాట్యాన్ని ప్రపంచమంతా అనుకరించింది. ఆ వీడియో నేనెన్నిసార్లు చూశానో!

నచ్చనిది, టిక్‌టాక్‌లో లైవ్ వీడియో పెట్టి సరుకు అమ్మడం. మన బట్టల షాపులో 'అక్కా' అన్నట్టు ఇక్కడ 'కాక్' అని పిలుస్తూ, కొనడానికి తెర మీద ఉండే పసుపు బుట్ట గుర్తు నొక్కమని గంటల తరబడి అరుస్తారు. అలా కొన్న బాటిక్ చొక్కా ఒక్క ఉతుకుకే వెలిసిపోయింది. ఆ అమ్మినామె జవాబే ఇవ్వలేదు. సోషల్ మీడియాలో నేరుగా అమ్మడాన్ని ప్రభుత్వం ఆపడంతో 2023 అక్టోబర్ 4న టిక్‌టాక్ షాప్ మూతపడింది. హమ్మయ్య అనుకున్నాను. డిసెంబర్‌లో టోకోపీడియా అనే ఇక్కడి ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీతో కలిసి మళ్లీ వచ్చింది.

జకార్తాలోని బట్టల బజారు తానా అబాంగ్‌కు వెళ్తే మాత్రం కోపం నిలవదు. జనం పలచబడ్డ దుకాణాల్లో అమ్మాయిలు రింగ్ లైట్ ముందు నిలబడి, గొంతు బొంగురుపోయినా అమ్ముతుంటారు. ఇప్పుడు చొక్కా కావాలంటే అక్కడికే వెళ్లి, గుడ్డ చేత్తో పట్టి చూసి కొంటున్నాను.