పాత మారుతి 800: స్టీరింగ్ ప్లే, టైర్లు, చాలాకాలం వాడాక

మారుతి 800 తయారీ 2014లో ఆగిపోయింది. ఇప్పుడు రోడ్డు మీదున్న ప్రతి బండీ పదేళ్లు దాటిందే. ఏళ్ల తరబడి వాడాక చెప్పేదేమిటంటే, దీని స్టీరింగ్‌కు పవర్ లేదు, మామూలు రాక్ అండ్ పినియన్, అంటే స్టీరింగ్ తిప్పితే చిన్న పళ్ల చక్రం (పినియన్) పళ్లున్న కడ్డీని (రాక్) పక్కకు జరిపే ఏర్పాటు. ఎక్కడ వదులైనా చేతికి తెలిసిపోతుంది. చిక్కల్లా చెయ్యి పెట్టి చూడకుండానే "రాక్ పోయింది సార్" అనే మెకానిక్‌తోనే.

ఇంజన్ ఆపి, తాళం తిప్పి స్టీరింగ్ లాక్ తీసి, చక్రాలు నేరుగా ఉంచండి. కిటికీలోంచి చెయ్యిపెట్టి, ముందు టైరునే చూస్తూ స్టీరింగ్‌ను మెల్లగా అటూ ఇటూ ఆడించండి. టైరు కదిలేలోపు స్టీరింగ్ అంచు 30 మి.మీ. దాటి తిరిగితే ప్లే, అంటే ఆ ఖాళీ ఆట, ఎక్కువైనట్టే.

ఎక్కడుందో తేలాలంటే ఇంకో మనిషి కావాలి. ఆయన ఆడిస్తుంటే మీరు ఒక్కో జాయింటునూ వేళ్లతో పట్టుకోండి. పెడల్స్ దగ్గర కాలమ్ (స్టీరింగ్ కింది కడ్డీ) జాయింట్ పైభాగం తిరిగి కిందిది ఆగిందంటే, బోల్టు వదులైంది లేదా జాయింటే అరిగింది. టై రాడ్ ఎండ్ (రాక్ నుంచి చక్రానికి వెళ్లే కడ్డీ చివరి జాయింటు) మీద వేలికి టక్‌మని తగిలితే అది పోయింది. బెల్లోస్‌ను (రాక్ చివర ముడతల రబ్బరు తొడుగు) నొక్కి లోపలి రాక్ ఎండ్ జాయింటును అలాగే చూడండి. రాక్ మొత్తం పక్కకు జరుగుతుంటే దాన్ని బండికి బిగించే క్లాంపు రబ్బర్లు మార్చాలి. ఇవేవీ చూడకుండా రాక్‌ను సర్దే స్క్రూ బిగిస్తే ప్లే తగ్గినట్టే ఉంటుంది గానీ, మలుపు తిరిగాక స్టీరింగ్ దానంతటది వెనక్కి రాదు.

తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని కుదపండి. ఆడుతుంటే బ్రేకు తొక్కించండి. ఆట పోతే బేరింగ్, పోకపోతే చక్రాన్ని కింది ఆర్మ్‌కు కలిపే బాల్ జాయింట్. బాల్ జాయింట్ అయితే వాయిదా వేయొద్దు, అది ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది.

టై రాడ్ ఎండ్ విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు వచ్చిందో లెక్కపెట్టి, కొత్తది అన్నే చుట్లు ఎక్కించండి. నట్టు ఊడకుండా రంధ్రంలో దూర్చే స్ప్లిట్ పిన్ కొత్తదే వేయాలి. రంధ్రం కలవకపోతే నట్టును ఇంకాస్త బిగించాలి, వెనక్కి వదలకూడదు. ఆపైన అలైన్‌మెంట్ (చక్రాల కోణాలు సరిచేయడం) తప్పనిసరి.

బండి ఒకవైపు లాగడం మాత్రం చాలాసార్లు టైర్ల తప్పే. ముందు టైర్లు కుడిఎడమలు మార్చి చూడండి. లాగే వైపు మారితే స్టీరింగ్ జోలికి పోనక్కర్లేదు.

దీని టైరు 145/70 ఆర్12. రెండంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ. ఒక్క అంచే అరిగితే అలైన్‌మెంట్ తేడా, గుంటలు గుంటలుగా అరిగితే షాకబ్జార్బర్లు అనుమానించాలి. లోపలి అంచు నిలబడి చూస్తే కనిపించదు, స్టీరింగ్ పూర్తిగా తిప్పి తడమాలి. గాడుల్లోని 1.6 మి.మీ. దిమ్మెలు పైకి సమంగా వచ్చాయంటే టైరు అయిపోయినట్టే.

తక్కువ తిరిగే బండ్లలో గాడులు బాగానే ఉంటాయి, రబ్బరే ఎండిపోతుంది. పక్కగోడ మీద తయారీ తేదీ చెప్పే నాలుగంకెల్లో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. 2317 అంటే 2017లో 23వ వారం. పగుళ్లున్నా, బొబ్బ లేచినా గాడుల లోతు చూసి మోసపోవద్దు. స్టెప్నీకీ ఆ అంకె చూడండి.