మటన్ దుకాణంల మూడు స్టీళ్ల కత్తులు
నల్గొండ క్లాక్ టవర్ కాడ మాది మటన్ దుకాణం. బొక్కలు కొట్టెటందుకు పాత కత్తే. బోన్‌లెస్ కోసెటందుకే ఈ ఖరీదు స్టీళ్లు.

ఎస్30వి అనే స్టీలు పదును మస్తు నిలుస్తది, ఆదివారం గిరాకీ మొత్తం గుంజుతది. కానీ దాంట్ల వెనేడియం అనే లోహం 4 శాతం. అది కార్బన్‌తోటి కలిసి అయ్యే సన్న రేణువులు (కార్బైడ్లు) మామూలు సానరాయికంటే గట్టివి. వజ్రం పొడి అద్దిన డైమండ్ ప్లేట్ లేకుంటే సాన పట్టుడు నరకమే. జపాన్ వీజీ-10 సన్నగ, సాఫుగ తెగుతది. బొక్కకు తాకితే అంచు పెచ్చులు లేస్తది.

నా ఓటు స్వీడన్ 14సి28ఎన్‌కే. కార్బన్ 0.62 శాతమే, నైట్రోజన్ కలిపిండ్రు, తుప్పు జల్ది పట్టదు. పదును తొందరగ పోతదా? పోనియ్, మామూలు రాయి మీద నాలుగు గీతలకే మళ్లొస్తది. 20 శాతం క్రోమియం ఉండే ఎం390 అనే ఇంకో స్టీలు గూడ మంచిదే గానీ, ఆ పైసలకు నేను పొట్టేలునే కొంట.